అచ్చు జారిన గుడ్డ

శనివారం, విజయవాడ

బొంత పైభాగానికని వన్‌టౌన్‌లో తీసుకున్న రెండున్నర మీటర్ల కాటన్ విప్పి పరిస్తే, అచ్చులోని ఆకుకు ఒక పక్క తెల్లటి సందు, రెండో పక్క రంగు మీద రంగెక్కి నల్లటి చార. ప్రింటింగులో స్క్రీను కదిలిందన్నమాట. దాన్ని సరిచేసేదాకా ఆ తప్పు గుడ్డ తాను (చుట్ట) పొడుగునా సాగుతుంది. అందుకే అదే తానులో ఇంకో ముక్క అడిగి లాభం లేదు, వేరే తాను తీయమనాలి. పెడన కలంకారీలో అచ్చుకీ అచ్చుకీ మధ్య కనిపించే అతుకు మాత్రం ఈ లెక్కలోకి రాదు. చేత్తో అద్దిన గుడ్డకు అది సహజం. అది చూపించి ధర తగ్గించమని బేరమాడటం అన్యాయం.

రంగు జరిగితే కంటికే ఇబ్బంది. కుట్టేవాళ్లను ఏడిపించేది వంకర. కొనేటప్పుడే కత్తెర వేయకుండా చించి ఇమ్మంటే బండారం అక్కడే బయటపడుతుంది, ఎందుకంటే చిరుగు పేక పోగు, అంటే అడ్డపు నూలు, వెంటే పోతుంది. చిరుగు అంచుకు మూలమట్టంగా లేకుండా, ప్రింటు గీత కూడా చిరుగుతోపాటే వాలితే వంకర పేకలో ఉన్నట్టు. గుడ్డ తడిపి, పొట్టి ఐమూల (మూల నుంచి మూలకు) రెండు కొసలూ పట్టుకుని లాగితే చాలావరకు దారికొస్తుంది. చిరుగు తిన్నగా ఉండి గీత ఒక్కటే వాలితే అచ్చే వంకర. దాన్ని ఎంత లాగినా నేత చెడుతుందే గాని ప్రయోజనం లేదు.

ఇవాళ్టి గుడ్డలో రంగు జరగడమే కాదు, వంకర కూడా ఉంది, అది ఆ రెండో రకం. 44 అంగుళాల పన్నాకు (వెడల్పుకు) అంగుళం వాలింది. అయినా వాపసు ఇవ్వనక్కర్లేదు. 5 అంగుళాల చదరాలుగా కోస్తే ఒక్కోదానికి వచ్చే వాలు 1/8 అంగుళం లోపే, ఎవరి కంటా పడదు. అడ్డంగా బోర్డరు పట్టీ తీస్తే మాత్రం ఆ అంగుళమంతా కనిపిస్తుంది. కాబట్టి బోర్డరుకు సాదా గుడ్డే. ఉతికాక కాస్త కుంచించుకుపోయినా 18 వరసలు, వరసకు 8 చొప్పున 144 చదరాలు వస్తాయి. కోసే ముందు పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ముక్కలు సాగవు.

వాపసు ఇవ్వాల్సినవి వేరే ఉన్నాయి. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే పేక పోగు తెగిన చోట అడ్డంగా పల్చటి గీత కనిపిస్తుంది. ఒకటీ అరా అయితే తప్పించి కోయవచ్చు, జానకొకటి ఉంటే ఆ గుడ్డ వద్దు. తడపకముందే బిల్లుతో వెళ్లాలి, తడిపాక ఎవరూ తీసుకోరు.

రంగు దిగుతుందేమోనని అంచున రెండంగుళాల ముక్క కోసి, తడిపి, తెల్ల మల్లు గుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేశాను. ఎరుపు కొద్దిగా అంటింది. ఉప్పునీళ్లలో నానబెట్టమంటారు గాని, అద్దకం అయిపోయిన గుడ్డకు ఉప్పు రంగును పట్టి ఉంచదు. వేణ్ణీళ్లలో విడిగా జాడించి, నీళ్లు తేటపడేదాకా మార్చడమే. మూడో బకెట్‌కు తేటపడ్డాయి. రేపు గంజి.