ప్రీలాంచ్‌లో దెబ్బతిన్నాక మళ్లీ ఫ్లాట్ కొనడం: నా అనుభవం

మాకు ప్రీలాంచ్ దెబ్బ తగిలింది. హైదరాబాద్ వాళ్లకి ఆ ఒక్క మాట చాలు, మిగతా కథ మీరే చెప్పేస్తారు. ప్రీలాంచ్ అంటే పర్మిషన్ రాకముందే ఫ్లాట్లు అమ్మడం. పర్మిషన్ రేపో మాపో వచ్చేస్తుంది, మొత్తం ఇప్పుడే కడితే చదరపు అడుగు సగం రేటుకే, కావాలంటే అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో విడగొట్టని వాటా) కింద కొన్ని గజాలు మీ పేరున రిజిస్టర్ కూడా చేస్తాం అన్నారు బిల్డర్ వాళ్లు. సైట్‌లో రేకుల షెడ్డు, పెద్ద బోర్డు తప్ప ఏమీ లేవలేదు. తిరిగిచ్చిన చెక్కుల్లో కొన్ని పాసయ్యాయి, కొన్ని బౌన్సయ్యాయి, కేసు నడుస్తోంది. ఎవరు ఏంటి అనేది ఇక్కడ వద్దు, నేను చెప్పాలనుకుంది దాని తర్వాత సంగతి.

తర్వాత ఏమైందంటే మాకు, అంటే అసలు నాకే, ఏదీ కొనబుద్ధి కాలేదు. ఆదివారం వస్తే ఫ్లాట్లు చూడ్డం, నచ్చడం, ఇంటికొచ్చాక నేను ఏదో వంక పెట్టడం. మెట్ల దగ్గర గోడకి చెమ్మ ఉందని ఒకటి వద్దన్నా. ఇంకోటి బ్రోకర్ మరీ ఎక్కువ నవ్వుతున్నాడని వద్దన్నా (నిజంగానే, మా ఆయనకి అదే కారణం చెప్పా). అద్దె మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది.

మా కేసు చూసే లాయర్ గారు ఓసారి విసుక్కుని, "భయం భయం అంటే నేనేం చెప్తానమ్మా, దేనికి భయమో కాగితం మీద రాసి తీసుకురండి" అన్నారు. రాశా. అందులో సగానికి పైగా ఏదో ఒక ఆఫీసులోనో వెబ్‌సైట్‌లోనో జవాబు దొరికేవే. మిగతావి, అంటే మళ్లీ మోసపోతే చుట్టాలేమంటారు లాంటివి, ఆయన చూసి పక్కన పెట్టేశారు.

కట్టే దశలో ఉన్నవి అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ఉంది కదా అంటారు. 2016 చట్టం ప్రకారం రిజిస్టర్ కాని ప్రాజెక్టుకి అసలు ప్రకటనే ఇవ్వకూడదు, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు, మన దగ్గర తీసుకున్న దాంట్లో 70 శాతం విడి అకౌంట్లో ఉంచాలి. రూల్స్ మంచివే. కానీ నాకు పునాది గుంట చూస్తేనే కడుపులో తిప్పుతోంది, అందుకని రెడీగా ఉన్న పాత ఫ్లాటే అని తేల్చేశా.

నాగోల్ వైపు ఒకటి దొరికింది, రిటైరైన టీచరమ్మది, కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోతున్నారు. ముందు ఈసీ తీశా, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. అందులో స్థలం ఓనరు, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, ఆవిడ సేల్ డీడ్, ఆవిడ బ్యాంకు లోను, దాని రిలీజు, అన్నీ వరసగా కనబడ్డాయి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల లిస్టులో) ఉందేమో చూశా. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఎవరు ఇల్లు కొంటున్నా చెరువు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు, అంటున్నారు కాబట్టి అదీ చూశా. ఇంకోటి, చాలామంది అడగనిది. బిల్డర్ పర్మిషన్ తీసుకునేటప్పుడు కట్టే దాంట్లో 10 శాతం జీహెచ్ఎంసీకి మార్ట్‌గేజ్ (తాకట్టు) చేస్తాడు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, పర్మిషన్ ప్రకారమే కట్టారు, ఉండొచ్చు అనే కాగితం) వచ్చాకే అది విడుదలవుతుంది, మనం కొనే ఫ్లాటు అందులోదా కాదా, అయితే విడుదలైందా లేదా అన్నది చూసుకోవాలి. మాది అందులో లేదు, ఓసీ కూడా ఉంది.

ఇంతవరకు బానే ఉంది. లింక్ డాక్యుమెంట్ల (పాత ఓనర్ల నుంచి చేతులు మారిన కాగితాల) జిరాక్సులు అడిగేసరికి ఆవిడకి కోపమొచ్చింది. "ఏందమ్మా, నేను నీకు దొంగలెక్క కనబడుతున్ననా?" అని మొహం మీదే అడిగేశారు. నేనేమీ మాట్లాడలేకపోయా. తర్వాత తెలిసింది, అంతకుముందు ఒకాయన చిన్న టోకెన్ ఇచ్చి, అన్ని కాగితాలూ పట్టుకుపోయి, లోను రాక నెలలు నెలలు తిప్పి, చివరికి టోకెన్ వడ్డీతో సహా ఇస్తే తప్ప అగ్రిమెంట్ రద్దు చెయ్యనన్నాడట. అందుకే ఆవిడకి పెద్ద అడ్వాన్స్ కావాలి. నేనేమో రూపాయి కూడా ముందు ఇవ్వనని కూర్చున్నా. మధ్యలో బ్రోకర్‌కి చెమటలు.

చివరికి కుదిరింది ఇలా. జిరాక్సుల మీద అడ్డంగా "అమ్మకం వెరిఫికేషన్ కోసం మాత్రమే" అని రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఒరిజినల్స్ బ్యాంకు ప్యానెల్ లాయరుకి ఆవిడే స్వయంగా చూపించారు. టోకెన్ చెక్కు ద్వారా, టైటిల్‌లో (యాజమాన్య హక్కులో) లోపం వల్ల లోను రాకపోతే వెనక్కివ్వాలి, మేమే వద్దనుకుంటే ఆవిడకే, దానికో గడువు తేదీ. మిగతాది డీడీ, రిజిస్ట్రార్ ఆఫీసులో చేతికి. ఈ కాగితం తయారయ్యాక టీచరమ్మ మొహంలో, నా మొహంలో ఒకేసారి వెలుగొచ్చిందని మా ఆయన అంటాడు.

అయినా టీడీఎస్ (ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) దగ్గర ఇంకో గొడవ. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు 1 శాతం కోసి ఆవిడ పాన్ మీద కట్టాలి. "నా పైసలు మీరెందుకు కోస్తున్నరు?" అన్నారు. కొడుకుతో ఫోన్‌లో మాట్లాడించి, పన్ను కట్టినట్టు సర్టిఫికెట్ (అప్పట్లో ఫామ్ 16బీ) వస్తుంది, రిటర్న్‌లో చూపించుకోవచ్చు అంటే అప్పుడు సరేనన్నారు. ఆవిడ అడగడంలో తప్పేముంది, ఆవిడ స్థానంలో నేనున్నా అడిగేదాన్నే.

రిజిస్ట్రేషన్‌కి స్టాంప్ డ్యూటీతో అన్నీ కలిపి 7.5 శాతం పోయింది. ముందురోజు డ్రాఫ్ట్ చదువుతుంటే తూర్పు హద్దులో కారిడార్ అని ఉండాల్సింది ఓపెన్ టు స్కై అని పడింది. డాక్యుమెంట్ రైటర్ "ఏం కాదు మేడం, నడుస్తది" అన్నాడు. నడవదు, మార్చండి అన్నా, రిజిస్టరయ్యాక తప్పు దొరికితే మళ్లీ రెక్టిఫికేషన్ డీడ్ అంటూ తిరగాలి. మార్చాడు. ఫొటోలు, వేలిముద్రలు, సాక్షులు, మధ్యాహ్నానికి అయిపోయింది.

ఫ్లాట్‌లో చేరాక కూడా ఈసీ మళ్లీ తీసి చూశా, మా పేరెక్కిందా లేదా అని. ఎక్కింది. ఇంటి పన్ను మ్యుటేషన్ కూడా అయింది. కరెంటు మీటరే ఇంకా టీచరమ్మ పేరున ఉంది, దానికి అప్లికేషన్ పెట్టాలి.