గిట్ ఆటో క్లీనప్‌ని తేలిక చేస్తున్నా: ఇంతవరకు అయిన పని

కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్ గిట్. దాంతో నడిచే నా సొంత రిపోలన్నింటిలో (ఒక్కో ప్రాజెక్ట్ ఫోల్డర్ ఒక రిపో) ఆటో క్లీనప్ సెట్టింగ్‌లు తలో రకంగా పేరుకుపోయాయి, ఒకదానిలో కమిట్ హుక్ (కమిట్, అంటే మార్పు సేవ్ చేసేటప్పుడు నడిచే స్క్రిప్ట్), ఇంకోదానిలో క్రాన్ (టైమ్ ప్రకారం పనులు నడిపేది), మరోచోట మార్చిన లిమిట్లు. వాటన్నిటినీ తీసేసి ఒకే పద్ధతికి తేవాలని కూర్చున్నా.

ముందు గిట్ తనంతట తాను ఏం చేస్తుందో చూశా. కమిట్, మెర్జ్, ఫెచ్ లాంటివి అయ్యాక విడి ఆబ్జెక్ట్‌లు (విడి ఫైళ్లుగా ఉండే గిట్ డేటా ముక్కలు) సుమారు 6700 దాటాయా, ప్యాక్‌లు (చాలా ఆబ్జెక్ట్‌లను కలిపి కుదించిన ఫైళ్లు) 50 దాటాయా అని చూసి, దాటితే జీసీ (చెత్త తీసి సర్దే కమాండ్) నడుపుతుంది. విడివాటిని అన్నీ లెక్కపెట్టదు, 256 సబ్‌ఫోల్డర్లలో 17 అనే ఒక్కదాన్ని తెరిచి అందులో 27 కంటే ఎక్కువ ఫైళ్లుంటే చాలనుకుంటుంది, ఎందుకంటే ఆబ్జెక్ట్‌ల పేర్లయిన హ్యాష్‌లు అన్ని ఫోల్డర్లలోకీ దాదాపు సమానంగానే పడతాయి. ఎంత చక్కటి లెక్క!

చిక్కు ఎక్కడంటే, రీబేస్‌లు (పాత కమిట్‌లను తిరగరాయడం) ఎక్కువ చేసే రిపోలో ఏ బ్రాంచ్‌కీ చెందని ఆబ్జెక్ట్‌లు చాలా మిగులుతాయి, 2 వారాలు దాటేదాకా జీసీ వాటిని చెరపదు, పాత వెర్షన్లలో అవి విడిగానే ఉండిపోయి లిమిట్ మళ్లీ దాటేది. 2023లో వచ్చిన 2.41 నుంచి వాటిని క్రఫ్ట్ ప్యాక్ అనే వేరే ప్యాక్‌లో పెట్టడం డిఫాల్ట్ అయింది. అందుకే మొదట గిట్‌ని అప్‌డేట్ చేయండి, సగం తలనొప్పి అక్కడే పోతుంది.

తర్వాత హుక్, క్రాన్, లిమిట్లు అన్నీ తీసేసి ప్రతి రిపోలో 'గిట్ మెయింటెనెన్స్ స్టార్ట్' కొట్టా. ఆ రిపోలో ఆటో క్లీనప్‌ని అదే ఆపేస్తుంది, గంటకోసారి కమిట్ గ్రాఫ్ (చరిత్రను త్వరగా చూడ్డానికి వాడే సూచిక), ప్రీఫెచ్ (సర్వర్‌లోని కొత్త మార్పుల్ని ముందే తెచ్చిపెట్టడం), రోజుకోసారి విడి ఆబ్జెక్ట్‌ల ప్యాకింగ్ చేస్తుంది. లినక్స్‌లో సిస్టమ్‌డీ టైమర్ లేదా క్రాన్, విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్, ఆ ఏర్పాటు కూడా దానిదే. కమిట్ మధ్యలో ఆగి చూసే పని లేదు, నాకు కావాల్సింది ఇదే. సర్వర్‌లోకి వెళ్లడానికి పాస్‌ఫ్రేజ్ ఉన్న కీ వాడే రిపోల్లో మాత్రం ప్రీఫెచ్ ఆపేశా, వెనకాల నడిచేటప్పుడు దాన్ని టైప్ చేసేవాళ్లుండరు కదా.

ఒకటి గుర్తుంచుకోవాలి, ఈ షెడ్యూల్‌లో జీసీ ఉండదు, కాబట్టి పనికిరాని ఆబ్జెక్ట్‌లు అలాగే ఉంటాయి. అప్పుడప్పుడు చేత్తో 'గిట్ జీసీ' నడిపితే సరిపోతుంది. రీఫ్లాగ్ (బ్రాంచ్‌లు ఇదివరకు ఏ కమిట్‌ల మీద ఉన్నాయో రాసుకునే చిట్టా) గడువులు, అంటే మామూలు ఎంట్రీలకు 90 రోజులు, బ్రాంచ్ నుంచి అందని వాటికి 30, అస్సలు ముట్టుకోలేదు, పోయిన కమిట్‌ని వెనక్కి తెచ్చుకునే దారి అదే మరి. వెంటనే చెరిపేసే 'ప్రూన్ నౌ' కూడా వద్దు, అదే సమయంలో ఇంకో గిట్ కమాండ్ రాస్తుంటే రిపో పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక మిగిలింది బొమ్మల ఫైళ్లున్న పెద్ద రిపో. అందులో జియోమెట్రిక్ రీప్యాక్ (అన్నిటినీ కాకుండా చిన్న ప్యాక్‌లను కలిపే పద్ధతి) పెట్టి, 'కౌంట్ ఆబ్జెక్ట్స్'తో ముందూ వెనకా ప్యాక్‌ల సంఖ్య పోల్చి చూడాలి.