తమ్ముడి ఓడ ఎక్కడుందో ఇప్పుడు నేనే చూస్తున్నాను

తమ్ముడికి సీమన్‌గా (సరుకు ఓడలో పనివాడిగా) మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఏజెంటు చెప్పింది ఓడ పేరొక్కటే. బియ్యం లోడింగ్‌కి కాకినాడ వస్తుందట, అక్కడే ఎక్కాలట. మా శ్రీకాకుళం వైపు ఓడ ఉద్యోగాలంటూ డబ్బు పోగొట్టుకున్న కుర్రాళ్లున్నారు. ఓడ సంగతి తేలాకే పంపుదామని ఇంట్లో పట్టుబట్టాను.

నెట్‌లో పేరు కొడితే అదే పేరుతో చాలా ఓడలు వచ్చాయి. ఓనరు మారితే పేరూ జెండా కూడా మారిపోవచ్చు. కట్టినప్పటి నుంచి తుక్కుకి వెళ్లేదాకా మారనిది ఏడంకెల ఐఎంఓ నంబరు, అంటే ఓడకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య. అది చెబితేనే మిగతా మాటలని తమ్ముడి చేత గట్టిగా అడిగించాను.

నంబరు కల్పించిందేమోనని చేత్తోనే లెక్క వేసి చూసుకోవచ్చు. ఉదాహరణకి 9074729. మొదటి ఆరంకెలని వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే 139 వస్తుంది. దాని చివరి 9, నంబరు చివరి అంకె ఒకటే కావాలి. మా ఓడ నంబరుకి లెక్క సరిపోయింది. తర్వాత ఓడల వివరాలిచ్చే ఈక్వాసిస్ అనే సైటులో ఉచితంగా ఖాతా తెరిచి ఓనరు ఎవరు, ఏ సంవత్సరం కట్టారు, ఏ రేవులోనైనా తనిఖీలో ఆపేశారా అన్నవి చూశాను. ఏజెంటు లైసెన్సుని డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సైటులో సరిచూశాను. ఈ రెండూ చూడకుండా పిల్లల్ని పంపకండి.

ఓడ 28 వేల టన్నులు మోసేది. 169 మీటర్ల పొడవు, 5 హోల్డులు (సరుకు నింపే గదులు), 4 క్రేన్లు. ధాన్యం, బొగ్గు లాంటివి మోసే బల్క్ ఓడల్లో ఇది చిన్నదే. కాకినాడ యాంకరేజ్‌లో ఓడ సముద్రంలోనే ఆగుతుంది, బియ్యం బస్తాలు బార్జీల్లో దాని దగ్గరికి వెళ్తాయి. పైకెత్తేది ఓడ సొంత క్రేన్లే. అందుకే క్రేన్లున్నాయని చూశాక ఏజెంటు మాట మీద కాస్త నమ్మకం కుదిరింది.

ఓడలు ఎక్కడున్నాయో మ్యాపులో చూపే ట్రాకింగ్ సైటు ఒకటి చూస్తూ వచ్చాను. లోడింగ్ మొదలైనప్పుడు అందులో డ్రాఫ్ట్ (ఓడ నీటిలో మునిగిన లోతు) 6 మీటర్లని ఉంది. బయల్దేరాక 9.6 అయింది. అంత లోతు మునిగిందంటే సరుకు నిండినట్టే. అయితే డ్రాఫ్టూ, వెళ్లే రేవూ ఓడలోవాళ్లు చేత్తో ఎక్కించేవి, మార్చడం మర్చిపోతే పాతవే కనిపిస్తాయి. స్థానం, వేగం జీపీఎస్ నుంచి వస్తాయి కాబట్టి వాటినే నమ్ముతాను.

శ్రీలంక దాటాక మ్యాపులో ఓడని చూపే చుక్క మాయమైంది. అమ్మకి ఒకటే టెన్షన్. ఓడ తన స్థానాన్ని రేడియోలో పంపే ఏఐఎస్ సిగ్నల్ తీరంలోని రిసీవర్లకి మామూలుగా 40 నాటికల్ మైళ్ల (సుమారు 74 కిలోమీటర్ల) వరకే అందుతుంది, నడి సముద్రంలో శాటిలైట్ కావాలి, దానికి సైటువాళ్లు డబ్బు అడుగుతారని చెప్పాను. మారిషస్ దగ్గర మళ్లీ కనిపించింది, 11.5 నాట్ల (గంటకి సుమారు 21 కిలోమీటర్ల) వేగంతో. ఇక గుడ్‌హోప్ అగ్రం చుట్టి పశ్చిమాఫ్రికాకి వెళ్లాలి. డర్బన్ దగ్గరికి వస్తే మళ్లీ కనిపిస్తుందని అమ్మకి ముందే చెప్పి ఉంచాను.