మూడు వేళ్ల గుర్తు

పొద్దున ఏడింటికి చిత్తూరు బస్టాండులో బస్సెక్కాం, నేనూ పెద్దమ్మా. పాకాల, చంద్రగిరి మీదుగా తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. ఈసారి కొండకు కాదు. ఒక పెద్దాయన జీవితమంతా చేసిన మట్టి పాత్రలను ప్రదర్శనకు పెట్టారని తెలిసి బయల్దేరాం. పెద్దమ్మది పలమనేరు. అక్కడి ఎర్రమట్టి పనికి మంచి పేరుంది. మట్టి పనంటే చాలు, ఎంత దూరమైనా వస్తుంది.

హాలు చిన్నదే. బల్లల మీద గిన్నెలు, కూజాలు, మూతల జాడీలు. మట్టి కలపడం, సారె తిప్పడం, పూత పూయడం, కాల్చడం, అన్నీ కళాకారుడు తన చేత్తో చేసుకునే పద్ధతిని స్టూడియో పాటరీ అంటారు. ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో 1920లో బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి వచ్చిన షోజీ హమాదా కలిసి అలాంటి కుండల శాల పెట్టారు. మనకు దగ్గర్లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. ఈ పెద్దాయనదీ అదే దారి.

ఒక గిన్నె దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. కట్టెల బూడిదతో చేసిన పూత ఆవం వేడికి కరిగి, ఆకుపచ్చ గాజులా కిందికి జారి, అడుగుకు వేలెడు దూరంలో చుక్కలుగా ఆగిపోయింది. చుక్క మీద వేలు పెడితే నున్నగా, చల్లగా తగిలింది. అడుగున మూడు చోట్ల పూత లేదు. పూతలో ముంచేటప్పుడు ఆయన పట్టుకున్న చోటది. తుడిచేయడం ఎంతసేపు? ఉంచేశారు. ఆ హాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ మూడు వేళ్ల గుర్తే.

పెద్దమ్మ మాత్రం ఒక కూజాను వేలిమెటికతో తట్టింది. ఖంగుమంది.

"అన్నా, మాది పలమనేరు. దీంట్లో నీళ్లు పోస్తే సల్లగవుతాయా?"

మూల కుర్చీలో కూర్చున్న పెద్దాయన లేచి వచ్చారు. "కావమ్మా. 1,300 డిగ్రీల దగ్గర కాలింది, సందు లేకుండా గట్టిపడిపోయింది. నీళ్లు చెమర్చితేనే కదా చల్లబడేది? దానికి మీ పలమనేరు కడవే కావాల."

పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ మట్టి జల్లించడం గురించి, వానాకాలం కుండలు ఆరకపోవడం గురించి అరగంట మాట్లాడుకున్నారు. నేను వింటూ నిలబడ్డాను.

బయటికొస్తే ఎదురుగా కొండ. మట్టి పూలతో స్వామిని పూజించిన కుమ్మరి భక్తుడు కురువ నంబి కథ మళ్లీ చెప్పింది పెద్దమ్మ. స్వామికి ఈనాటికీ కొత్త ఓటి కుండలోనే పెరుగన్నం నైవేద్యం పెడతారని చెప్పేటప్పుడు ఆమె గొంతు మారింది.

ఆ గిన్నె కొన్నాను. తిరుగు బస్సులో పెద్దమ్మ దాన్ని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. చంద్రగిరి దాటాక చూస్తే నిద్రపోతోంది. చెయ్యి మాత్రం గిన్నె అడుగునే ఉంది.