విజయనగరం నుంచి పలాస దాకా, కారు లేకుండా

మా అమ్మాయికి మ్యూనిక్‌లో యూ-6 మెట్రో స్టేషన్లన్నీ వరసగా వచ్చు. ఒకసారి ఫోన్లో వాళ్ల అమ్మమ్మ అడిగింది: "మన విజయనగరం నుంచి పలాస వైపు వెళ్తే మొదట ఏ స్టేషన్ వస్తుందో చెప్పవే." అమ్మాయి నా వైపు చూసింది. పదమూడేళ్లలో నాలుగుసార్లు విజయనగరం వచ్చిన పిల్లకి నెల్లిమర్ల పేరు తెలియదు.

తప్పు దానిది కాదు. వచ్చిన ప్రతిసారీ విశాఖ ఎయిర్‌పోర్టులో దిగగానే కారెక్కించాం, సెలవులన్నీ ఆ కారులోనే తిప్పాం. ఒక గుమ్మం ముందు ఎక్కడం, ఇంకో గుమ్మం ముందు దిగడం. దారంతా అద్దాలు మూసి ఏసీ వేసుకుని ఉంటే పిల్లలు నిద్రపోక ఏం చేస్తారు? వాళ్లకి చుట్టాలు తెలుసు గానీ ఊళ్లు తెలియవు. అందుకే 2025 ఆగస్టులో వచ్చినప్పుడు, మొదటి రోజూ ఆఖరి రోజూ తప్ప కారు వద్దనుకున్నాం.

ఈ మాట ఇంట్లో చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. మా మామయ్యగారు నిజంగా బాధపడ్డారు. "జర్మనీ నుంచి కొడుకూ కోడలూ వస్తే స్టేషన్‌కి కారు పంపకపోతే నలుగురూ ఏమనుకుంటారమ్మా?" అన్నారు. డబ్బు కోసం కాదని, పిల్లల కోసమని రెండు మూడు సార్లు ఫోన్ చేసి చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, "సరే, మీ ఇష్టం" అన్నారు. ఇలాంటి ప్రయాణం అనుకునేవాళ్లు ముందు పెద్దవాళ్లతో మాట్లాడుకోవాలి. వాళ్లకి ఇది మర్యాదకి సంబంధించిన విషయం. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాక ఒకటి గమనించాను. మాకు కావలసిన ఊళ్లన్నీ హౌరా – చెన్నై లైను మీదే పూసల్లా ఉన్నాయి. విజయనగరంలో అమ్మ ఇల్లు, దారిలో పొందూరు, ఆమదాలవలసలో అత్తవారిల్లు, పలాసలో ఆడపడుచు ఇల్లు. శ్రీకాకుళం ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, ఊరికి పదమూడు కిలోమీటర్ల దూరాన. తెలియని వాళ్లు దీన్ని మర్చిపోయి ప్లాన్ వేసుకుంటారు. మాకు మాత్రం అది కలిసొచ్చింది. ఆ స్టేషన్ కోడ్ సీహెచ్ఈ. శ్రీకాకుళంలో ఒక్క అక్షరమూ దానికి కలవదేమని అమ్మాయి అడిగింది. ఇంగ్లీషువాళ్లు ఈ ఊరిని చికాకోల్ అనేవారని, ఆ పేరు స్టేషన్ కోడ్‌లో ఇంకా మిగిలే ఉందని వాళ్ల నాన్న చెప్పారు. ఆ రోజు నుంచి ప్లాన్ కాగితం దాని చేతిలోకి వెళ్లిపోయింది.

మేం పెట్టుకున్న నియమాలు కొన్నే. ఏ ప్రయాణమూ రెండు గంటలు దాటకూడదు. రైల్లో టాయిలెట్‌కి వెళ్లాలంటే అమ్మాయికి భయం. ఆ వయసు పిల్ల చెప్పే ఇబ్బందిని వినకుండా ప్రయాణం పెట్టుకుంటే మొత్తం సెలవులే చేదవుతాయి. పెద్ద సూట్‌కేసులు అమ్మ ఇంట్లో వదిలేసి తలా ఒక వీపు సంచీతో కదలాలి. నిజానికి ఇన్నాళ్లూ మమ్మల్ని కారుకి కట్టేసింది దూరం కాదు, ఆ సూట్‌కేసులే. ఇంకోటి, ఊరు మారిన మర్నాడు ఏ పనీ పెట్టుకోకూడదు.

రిజర్వేషన్ ఒక్క తిరుగు ప్రయాణానికే చేశాం, పలాస నుంచి విజయనగరానికి. అప్పటికి విమానం దగ్గర పడుతుంది కాబట్టి అక్కడ రిస్కు తీసుకోదలచుకోలేదు. 2024 నవంబరు నుంచి రైలు టిక్కెట్లు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంతకు ముందు 120 రోజులు ఉండేది. జర్మనీలో విమానం టిక్కెట్లు ఏడెనిమిది నెలల ముందు కొనే మాకు ఈ తేడా మొదట టెన్షన్ పెట్టింది. ఆఖరి నిమిషంలో తత్కాల్ ఉందిలే అనుకోవడానికీ లేదు. 2025 జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ధృవీకరణ ఉండాలి. మాలాంటి చాలామందికి ఆధార్ ఉండదు. మిగతా ప్రయాణాలకి ప్యాసింజరు బళ్లు, ఆర్టీసీ బస్సులు. స్టేషన్‌కి వెళ్లి టిక్కెట్టు తీసుకుని ఎక్కడమే.

పొందూరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అక్కడ ఖాదీ వడికే ఆడవాళ్లు పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. సన్నటి పళ్లున్న ఆ ఎముకతో గింజ మీద దూదిని దువ్వుతుంటే మావాడు కళ్లార్పకుండా చూశాడు. వాడికి ఎనిమిదేళ్లు. ఒక పెద్దావిడ ఆ ఎముక వాడి చేతిలో పెట్టి, తన చెయ్యి దాని మీద వేసి దువ్వించింది. అరగంట కదల్లేదు వాడు.

కానీ అసలు సంగతి ఆ తర్వాత పొందూరు స్టేషన్లో జరిగింది. ఆమదాలవలస వెళ్లాల్సిన ప్యాసింజరు గంటన్నర ఆలస్యం. ఉక్కపోత, ఫ్యాను కింద చోటు లేదు, మావాడు ఏడుపు మొదలెట్టాడు. కారు ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాళ్లం కదా అని నాకూ అనిపించింది. పక్కన తాటిపండ్ల బుట్ట పెట్టుకుని ఒక మామ్మ కూర్చుని ఉంది. "ఏటి బాబూ, ఏటయిందేటి?" అంది. వాడు ఏడుపాపి నన్ను అడిగాడు: "అమ్మా, ఏటి అంటే ఏమిటి?"

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. మా వైపు "ఏమిటి"ని అలాగే అంటారు. నేను పుట్టి పెరిగిన మాట అది. హైదరాబాదులో చదువుకునేటప్పుడు హాస్టల్లో నా "ఏటి"కి అందరూ నవ్వితే, ఆరు నెలల్లో దాన్ని నాలుక మీద నుంచి తుడిచేసుకున్నాను. పిల్లలకి మ్యూనిక్‌లో తెలుగు నేర్పినప్పుడు పుస్తకాల్లో ఉన్నదే నేర్పాను. "వెళ్తున్నాను" నేర్పాను, "ఎల్తన్నాను" వాళ్ల చెవిన పడనివ్వలేదు. అమ్మ ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా పిల్లలకి అర్థం కావాలని తన మాట మార్చుకునేది. అలా ఇద్దరం కలిసి వాళ్లకి మా ఊరి తెలుగు అందకుండా చేశాం.

మామ్మ ఒక తాటిపండు తొక్క ఒలిచి, నారింజ రంగు గుజ్జు వాడికి అందించింది. పీచు పళ్లలో ఇరుక్కుంది, చొక్కా అంతా రంగైంది. మీది ఏ ఊరని ఆవిడ అడిగితే వాడు మ్యూనిక్ అన్నాడు. అది ఏ పక్కన ఉందని ఆవిడ మళ్లీ అడిగింది. అమ్మాయి కల్పించుకుని, విమానంలో వెళ్లాలనీ, అక్కడ నెలకి 58 యూరోలు (అది 2025 ధర) కడితే ఒకే టిక్కెట్టుతో ఊళ్లో బళ్లన్నీ ఎక్కొచ్చనీ చెప్పింది. "మాకు ఆ డబ్బులూ అక్కర్లేదు కదే! ఆధార్ సూపిస్తే బస్సు ఫ్రీ," అంది మామ్మ. ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం ఆ ఆగస్టు 15నే మొదలైంది. బండి వచ్చేసరికి ముగ్గురూ చుట్టాలైపోయారు. గంటన్నర పాటు మా పిల్లలు ఒక్క జర్మన్ మాట కూడా మాట్లాడలేదని బండి ఎక్కాక గాని నాకు తట్టలేదు.

అన్నీ ఇంత బాగా జరగలేదు. బొబ్బిలి ఒక్క రోజులో వెళ్లి రావాలనుకోవడం నా పొరపాటు. అది రాయగడ వైపు వెళ్లే వేరే లైను. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేయడం చూసి, ఎండలో తిరిగి వచ్చేసరికి మావాడికి జ్వరం. తర్వాతి రెండు రోజులూ మంచం మీదే. ఖాళీ రోజులు ఉంచుకున్నాం కాబట్టి సరిపోయింది.

శ్రీకాకుళానికి అమ్మ కూడా మాతో వచ్చింది. అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి దర్శనం చేసుకుని, మరో రోజు పల్లెవెలుగు బస్సులో శ్రీకూర్మం వెళ్లాం. కండక్టర్ అమ్మ ఆధార్ చూసి జీరో టిక్కెట్టు కొట్టి ఇచ్చాడు. అమ్మ దాన్ని మడిచి పర్సులో దాచుకుంది. శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఉంటాయి. పిల్లలు వాటిని వదిలి రామన్నారు. అక్కడ తొందరపెట్టే డ్రైవరు లేడు, వెయిటింగ్ ఛార్జీ లేదు. తర్వాతి బస్సుకి వెళ్దామన్నాను.

శాలిహుండం మాత్రం నేను మర్చిపోలేను. కొండ మీద బౌద్ధ స్తూపాలు, కింద వంశధార, కాస్త దూరంలో కళింగపట్నం దగ్గర నది సముద్రంలో కలిసే చోటు. యాభై ఏళ్లుగా విజయనగరంలో ఉంటున్న అమ్మ ఎప్పుడూ ఇక్కడికి రాలేదట. "ఎవరు తీసుకొస్తారే? మీ నాన్నకి సెలవుండేది కాదు, తర్వాత మీరు లేరు," అంది. మెట్ల దగ్గర అమ్మాయి వాళ్ల అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. పైకి వెళ్లే దాకా వదల్లేదు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. నేను కావాలనే వెనకబడ్డాను.

మా పిల్లలు ఇంకా చూడనిది సిరిమానోత్సవం. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మకి జరిగే ఆ పండగలోనే నా చిన్నతనమంతా ఉంది. కానీ బవేరియా బడులకి అప్పుడు సెలవులుండవు. సెలవు కాని రోజు బడి మాన్పిస్తే అక్కడ జరిమానా కూడా వేస్తారు. దీనికి నాకు ఇప్పటికీ దారి దొరకలేదు. తలుచుకుంటే దిగులుగానే ఉంటుంది.

ఇప్పుడు అమ్మాయి ఆదివారాలు అమ్మమ్మతో తనే ఫోన్లో మాట్లాడుతోంది. కొత్తవలస దగ్గర చీలి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు గురించి ఎక్కడో చదివింది. టిక్కెట్లు తెరిచే తేదీ లెక్కేసి వంటగదిలో క్యాలెండర్ మీద గుర్తు పెట్టింది. నిన్న ఫోన్ పెట్టేశాక ప్లాన్ కాగితం మీద ఏదో రాస్తుంటే ఏమిటని అడిగాను.

"అమ్మమ్మకి కిటికీ పక్క సీటే కావాలట," అంది.