మూడు విజిళ్ల వ్యాయామం

2022 దసరా సెలవుల్లో జడ వేసుకోబోతే కుడిచెయ్యి మెడ దాకా వచ్చి ఆగిపోయింది. నరం పట్టిందేమో అనుకున్నాను. హనుమకొండలో మా బడి తెరిచాక తెలిసింది అసలు సంగతి. బోర్డు పైభాగంలో పాఠం పేరు రాయలేకపోతున్నాను. కిందికి రాస్తే వెనక బెంచీల పిల్లలు "టీచర్, కనిపిస్తలేదు" అని ఒకటే గోల. రాత్రి కుడివైపు ఒత్తిగిల్లితే చాలు, మళ్లీ నిద్ర పట్టేది కాదు.

మొదట చూపించుకున్నచోట నొప్పి మాత్రలిచ్చి చెయ్యి కదపొద్దన్నారు. నెలన్నర కదపలేదు. ఉన్న కాస్త కదలికా పోయింది. తర్వాత చూసిన ఎముకల డాక్టర్ నా చేతిని తనే పట్టుకుని పైకెత్తబోయారు. ఆయన ఎత్తినా లేవలేదు. "ఫ్రోజెన్ షోల్డర్ అమ్మా. షుగర్ ఉందా?" అన్నారు. ఎనిమిదేళ్లుగా ఉంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో (HbA1c) 9.2 వచ్చింది, ఎక్కువే. భుజం కీలు చుట్టూ సంచిలా ఉండే పొర వాచి, మందమై బిగుసుకుపోతుందట. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువట. మొదట నొప్పి, తర్వాత బిగుతు, ఆ తర్వాత మెల్లగా వదులు. ఏడాది పట్టొచ్చు, మూడేళ్లూ పట్టొచ్చు అన్నారు.

ఫిజియోథెరపీ అమ్మాయి ఇంట్లో చేసుకోవడానికి మూడు వ్యాయామాలు నేర్పింది. టీచర్ని కదా, వెంటనే టైంటేబుల్ వేశాను: పొద్దున 5 గంటలకు లేచి 45 నిమిషాలు. మ్యాట్ కూడా కొన్నాను. 9 రోజులు నడిచింది. తర్వాత పరీక్ష పేపర్లు, ఆపైన మరిది కూతురి పెళ్లి. మ్యాట్ బీరువా పైకి చేరింది. (ఎక్కించింది మా ఆయనే, నా చెయ్యి అంత ఎత్తు లేవదుగా.)

మళ్లీ వెళ్తే ఆ అమ్మాయి తిట్టలేదు. "ఆంటీ, రోజూ మీరు తప్పకుండా చేసే పనేంటి?" అంది. కుక్కర్ పెట్టడం అన్నాను. "అయితే విజిళ్లు వచ్చేదాకా చేయండి, చాలు."

మొదటి విజిల్ దాకా ఎడమచెయ్యి గట్టుకు ఆనించి ముందుకు వంగి, కుడిచేతిని బావిలోకి వదిలిన బొక్కెనలా వేలాడేసి చిన్న చిన్న సున్నాలు చుట్టడం. రెండోదాకా ఫ్రిజ్ పక్క గోడ మీద వేళ్లను బల్లిలా పాకించడం. మూడోదాకా వీపు వెనక తువ్వాలును రెండు చేతులతో పట్టుకుని, ఒళ్లు రుద్దుకున్నట్టు పైకీ కిందికీ లాగడం. పది నిమిషాలు దాటదు. పేపర్లున్నా, చుట్టాలొచ్చినా అన్నం వండక తప్పదు కదా.

వేళ్లు చేరినచోట పెన్సిల్ గీత, పక్కన తేదీ. మొదటి గీత స్విచ్‌బోర్డు కన్నా కిందే. కొన్ని వారాలు గీత మీదే గీత పడేది. జనవరిలో ఒకసారి కిందికి దిగింది కూడా. ఆ రోజు ఏడుస్తూ విజిళ్ల లెక్క తప్పాను, అన్నం ముద్దయింది.

రాత్రి గిన్నెలు కడిగాక వీధి చివరి దాకా నడక కూడా ఇలాగే అలవాటైంది. మందులు మార్చారు, అదే పరీక్షలో షుగర్ 7.4కు దిగింది.

మరుసటేడు బతుకమ్మకు నా చప్పట్లు ఛాతీ ఎత్తులోనే. 2024లో మాత్రం బతుకమ్మను నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని చెరువు దాకా నడిచాను.

తర్వాత గోడలకు రంగులు వేయిస్తుంటే పెయింటర్ ఆ గీతల దగ్గర ఆగి "పిల్లల ఎత్తా మేడం?" అన్నాడు. నా చెయ్యి ఎత్తు అన్నాను. ఆ కాస్త మేర వదిలేసి వేశాడు. ఈ మధ్య ఎడమ భుజం లాగుతోంది. గీతల పక్కన చోటుంది, ఎర్ర పెన్సిల్ ఒకటి తెచ్చి పెట్టుకున్నాను.