ఉపచారం పేరుతో

గుడి మెట్ల మీద ఎవరి కాలైనా పూలబుట్టకు తగిలిందంటే "అపచారం, అపచారం" అని లెంపలేసుకుంటాం. ఆ మాటను విప్పి చూసేది మాత్రం తక్కువ. 'చర' అంటే నడవడం, మసలుకోవడం. దాన్నుంచి వచ్చిందే 'ఆచారం', నడత. దానికి 'దుర్' చేరితే దురాచారం. 'అతి' చేరితే అత్యాచారం. ఒకప్పుడు అది హద్దు మీరిన నడత ఏదైనా కావచ్చు, ఇవాళ దానికి ఒకటే అర్థం మిగిలింది. 'ఉప' అంటే దగ్గర, కనుక దగ్గర మసలి చేసే సేవ ఉపచారం. 'అప' అంటే పక్కకు. దారి తొలగిన నడత అపచారం. సంస్కృతంలో పథ్యం తప్పడాన్ని కూడా అపచారమే అంటారు. మందు మింగుతూనే చేసే తప్పన్నమాట.

వైష్ణవ ఆరాధన చివర చదివే శ్లోకం సరిగ్గా అదే చెబుతుంది:

ఉపచారాపదేశేన కృతానహరహర్మయా |
అపచారానిమాన్ సర్వాన్ క్షమస్వ పురుషోత్తమ ||

సేవ చేస్తున్నాననే నెపంతో రోజూ నేను చేసిన ఈ అపచారాలన్నిటినీ క్షమించు, అని. ఇక్కడ 'అపదేశం' అంటే నెపం. తొందరలో 'ఉపచారోపదేశేన' అని చదివితే నెపం కాస్తా ఉపదేశమైపోతుంది, అర్థం తిరగబడుతుంది. రెండో చిక్కు 'కృతానహరహర్మయా' దగ్గర. చెవికి 'హరహర' అని వినిపిస్తుంది గానీ అక్కడున్నది 'కృతాన్, అహరహః, మయా'. అహరహః అంటే ప్రతిరోజూ.

ఈ శ్లోకం దొంగతనాల గురించి, అబద్ధాల గురించి మాట్లాడటం లేదు. పూజగదిలోనే జరిగే తప్పులను పట్టుకుంది. అవి ఎక్కువగా నీళ్ళ దగ్గరే మొదలవుతాయి. తిరువారాధనలో, అంటే వైష్ణవుల నిత్యపూజలో, అర్ఘ్యం (చేతులకు), పాద్యం (కాళ్ళకు), ఆచమనీయం (పుక్కిలించడానికి), స్నానీయం, శుద్ధోదకం అని అయిదు గిన్నెలు పెడతారు. ఉద్ధరిణితో చూపిన నీటిని విడిగా పెట్టిన ప్రతిగ్రహ పాత్రలో విడవాలి. ఇంట్లో గిన్నెలు చాలక, చూపిన నీటినే మళ్ళీ మొదటి గిన్నెలో పోస్తారు. కాళ్ళు కడిగిన నీళ్ళే పుక్కిలించడానికి ఇచ్చినట్టవుతుంది. అయిదు లేకపోతే రెండు చాలు, ఇచ్చేదొకటి, విడిచేదొకటి. తీర్థంలో వేసేది పచ్చకర్పూరం, చెంబెడు నీళ్ళకు బియ్యపుగింజంత. అంగడిలో హారతి కర్పూరం బిళ్ళ చవగ్గా దొరుకుతుందని అది వేయకూడదు. అది తినేది కాదు, ఒంట్లోకి పోతే విషం. పిల్లల చేతిలో తీర్థంగా పోస్తున్నప్పుడు ఇది చిన్న పొరపాటు కాదు.

తులసిని ద్వాదశి నాడు తుంచరు. ముందురోజే కోసి పెట్టుకోవచ్చు, వాడిపోయినా తులసికి నిలవ దోషం లేదంటారు. నిన్నటి దండ తీయకుండా దాని మీదే కొత్తది వేయడం, పూలను వాసన చూసి పెట్టడం, దీపాన్ని నోటితో ఊదడం, ఇవన్నీ తెలిసినవే. దీపం ఆరిందనడానికి కూడా మనసొప్పక 'కొండెక్కింది' అనే భాష మనది.

సేవాపరాధాలు 32 అని ఒక లెక్క ఉంది. చెప్పులతో గుడిలోకి పోవడం, ఒంటిచేత్తో మొక్కడం, దేవుడి ఎదుట కాళ్ళు చాపుకోవడం అందులోవి. స్థోమత ఉండీ పూజలో పిసినారితనం చేయడం కూడా ఉంది, దాన్ని ఎవరూ గుర్తుచేయరు. దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరుడి ముందైనా, అహోబిలంలోనైనా సాష్టాంగం చేయాలంటే ధ్వజస్తంభం దగ్గరే చేయాలి. లోపల ఎక్కడ పడుకున్నా కాళ్ళు ఏదో ఒక సన్నిధి వైపు ఉంటాయి. పైగా క్యూలో వెనకవాళ్ళకు అడ్డం.

ఇవన్నీ భగవదపచారాలు. శ్రీవైష్ణవ ఆచార్యులు వీటికన్నా బరువైనదిగా చెప్పింది భాగవతాపచారం, అంటే భక్తుడి పట్ల తప్పు. భాగవతం తొమ్మిదో స్కంధంలో దుర్వాసుడు అంబరీషుణ్ణి బాధించి, చక్రం తరుముతుంటే వైకుంఠానికి పరుగెత్తాడు. "నేను భక్తులకు అధీనుణ్ణి" అన్నాడు స్వామి, తాను క్షమించకుండా అంబరీషుడి దగ్గరికే తిరిగి పంపాడు. పై శ్లోకం అడిగేది పురుషోత్తముణ్ణి. పక్కవాడికి చేసినదానికి ఆ అర్జీ చెల్లదు.

దేవుని కడపకు ఉగాది నాడు ముస్లింలు కూడా వస్తారు. స్వామిని పెళ్ళాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ అని వారి నమ్మకం, కాబట్టి వేంకటేశ్వరుడు అల్లుడు. టెంకాయా పూలూ పట్టుకుని అల్లుడి గుడికి వచ్చిన ఒక ముస్లిం మహిళ ముసుగు చూసి క్యూలో ఎవరైనా గొణిగితే, ఆ మాట ఆమె చెవిన పడితే, ఇంటికి పోయి శ్లోకం ఎన్నిసార్లు చదివినా లాభం లేదు. ధ్వజస్తంభం దాటకముందే, "తప్పయిపోయిందమ్మా" అని ఆమెకే చెప్పాలి.